మెట్లు దిగే సైకిలు

మా పైపోర్షన్‌లో అద్దెకుండే అక్క ఒక ఆదివారం ఉదయం సైకిలును భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చి, మా గుమ్మం ముందు దించింది. మధురానగర్‌లోని ఆ ఇంట్లో మేము మొదటి అంతస్తులో ఉండేవాళ్లం. మా అమ్మ చర్చికి తయారై, చేతిలో బైబిలుతో బయటికి అడుగు పెట్టబోతోంది.

"చెల్లె, కాలేజీల గంటలు గంటలు వాదించి కప్పులు తెచ్చినవ్ గద. గిది పనికొస్తదా రాదా, జర చూసి చెప్పు," అంది అక్క.

"మా అమ్మాయిని అడిగావా తల్లీ? ఇంక సాయంత్రం దాకా తెమలదు. ముందు దాన్ని గుమ్మానికి అడ్డం తియ్యి. పాటలు అయిపోయాక చర్చిలోకి దూరితే అందరూ తల తిప్పి చూస్తారు," అంది అమ్మ.

అక్క అడిగింది చిన్న ప్రశ్న. దాని వెనక మూడేళ్ల నిరీక్షణ ఉంది. ఆమె శ్రీనగర్ కాలనీలో ఆడవాళ్ల జిమ్ ఒకదానిలో వ్యాయామం నేర్పేది. ఆమె కోరుకున్నది మాత్రం సినిమా ఫైట్లలో డూప్‌గా పని చేయడం. హీరోయిన్ గోడ దూకాలన్నా, బండి మీద నుంచి పడాలన్నా, సన్నగా ఉన్న ఒక కుర్రాడికి విగ్గు పెట్టి ఆ షాటు కానిచ్చేయడం ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతుంది. "నడక చూస్తేనే తెలుస్తది మొగపిల్లగాడని. ఒక్కడు కూడ అడగడేంది?" అని ఆమె వాపోయేది. నాకూ అది న్యాయమైన ప్రశ్నగానే తోచేది. ఇప్పుడు మొదటిసారిగా ఒక ఫైట్ మాస్టర్, ఈ షాటుకు అమ్మాయే కావాలని పట్టుబట్టాడట. ఫిల్మ్ నగర్ కొండ మీది బస్తీలో ఇరుకు సందులోని రాతిమెట్ల మీదుగా హీరోయిన్ సైకిలు తొక్కుకుంటూ కిందికి దిగాలి. జిమ్‌కు వచ్చే ఒక కాస్ట్యూమ్ డిజైనర్ ద్వారా ఆ కబురు అక్కకు చేరింది. పది రోజుల్లో మాస్టర్ ముందు తొక్కి చూపించాలి.

ఆ మాస్టర్‌కు ఒక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చిన మనిషిని కంపెనీ బండి ఎక్కించడు. ఎవరి చేతికి అలవాటైన బండి వాళ్లే తెచ్చుకోవాలి. తన బండి సంగతి తనకు తెలియని మనిషికి తన ఒంటి సంగతి కూడా తెలియదని ఆయన నమ్మకమట. అందుకే అక్క ఈ సైకిలు కొనుక్కుంది. లాక్‌డౌన్ రోజుల్లో ఉత్సాహంగా కొని, ఆ తర్వాత బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి వాడుకున్న ఒక ఇంజినీరు దగ్గర సగం ధరకు దొరికింది. ముందు చక్రానికి మాత్రమే కుదుపును ఆపే షాకులు ఉండి, వెనక భాగం గట్టిగా ఉండే కొండ సైకిలు అది. హార్డ్‌టెయిల్ అంటారు. ఆ రకంలో చవకవాటిలో ఒకటి.

నేను మూడు రోజులు చదివాను. కాలేజీ డిబేట్లలో నాకు నేర్పిన మొదటి పాఠం, ప్రమాణం చూపించలేని మాట నోట రానీయకూడదని. రెండోది, మన పక్షాన్ని తయారు చేసుకునే ముందు ఎదుటి పక్షాన్ని అంతకంటే బలంగా తయారు చేసి చూసుకోవాలని. ఆ రెండింటినీ పాటిస్తూ నాలుగు పేజీలు రాశాను. ఇరవై ఒక్క గేర్లు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, అల్యూమినియం ఫ్రేము సైకిలుకు అనుకూలమైన అంశాలు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో వట్టి స్ప్రింగు తప్ప మరేమీ లేకపోవడం ప్రతికూలం. కాబట్టి ఫోర్కు మార్చి మంచిది, పొడవైనది వేయిస్తే ఈ సైకిలు తన ధరకు మూడింతల సైకిలుతో పోటీ పడుతుందని తేల్చాను. వాక్యానికి వాక్యం బిగుతుగా అమరింది. మంచి ఫోర్కు ఖరీదు సైకిలు ఖరీదును మించుతుందని తెలిసినా, దానికీ ఒక పేరా సమర్థన రాసి పెట్టాను.

అక్క ఆ పేజీలు నా చేత చదివించుకుని విన్నది. "నువ్వు చెప్పినంక ఇంకేముంది? ఫోర్కు ఏపిద్దాం," అంది. ఆ నమ్మకానికి నేను గర్వపడ్డాను. అప్పుడు నేను భయపడి ఉండవలసింది. నా పేజీల్లో ఎక్కడైనా తప్పుంటే మెట్ల మీద దెబ్బ తగిలేది ఆమె ఒంటికి గానీ నా ఒంటికి కాదు.

ఫోర్కు వేయించడానికి రహమత్ నగర్ వెళ్లాం. అక్కడ బజారు వీధిలో, రెండు సైకిళ్లు పక్కపక్కన పట్టేంత వెడల్పు కొట్టులో, అందరూ చాచా అని పిలిచే పెద్దాయన పని చేసేవాడు. గడ్డం తెల్లబడింది గానీ చేతివేళ్లు గట్టిగా ఉండేవి. నేను కాగితాలు తీసి విషయం మొదలుపెట్టాను. ఆయన ఓపికగా విని, అక్క వైపు తిరిగాడు.

"బేటీ, దీంతోని ఏం పని చేపిస్తవ్?"

"పని ఏదైనా సైకిలు విలువ సైకిలుదే కదా చాచా," అన్నాను నేను.

"గట్లెట్ల? కూరగాయలు తెచ్చుకుంటనంటే ఇది శానా మంచి సైకిల్. ఎవరెస్టు ఎక్కుతనంటే పాత ఇనుము. ఏం పని చెప్పు ముందుగాల."

అక్క మెట్ల సంగతి చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆమె మోకాళ్ల వైపు చూశాడు, అవి ఎంత బరువు మోయగలవో లెక్క కడుతున్నట్టు. తరువాత సైకిలును తలకిందులు చేసి రెండు చక్రాలూ విప్పాడు. గేర్ల తీగలు, బ్రేకులు, సీటు, పెడళ్లు ఒక్కొక్కటే విప్పి గోనెపట్టా మీద వరసగా పేర్చాడు. నేను నాలుగు పేజీల్లో మెచ్చుకున్నవి దాదాపు అన్నీ ఆ పట్టా మీదికి చేరాయి.

"గివన్ని బట్టలు. ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఇగ ఒళ్లు చూద్దాం," అన్నాడు.

ఒళ్లంటే ఫ్రేము. అది ఒక్కటే మార్చడానికి వీలు లేనిది, కాబట్టి మొదట చూడవలసింది అదే. ఇంత సులువైన క్రమం మూడు రోజుల చదువులో నాకు తోచకపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. నేను మారేవాటిని కొలిచి, మారనిదాన్ని ఒక్క మాటతో దాటేశాను.

హ్యాండిల్ కింద ఉండే మెడ గొట్టం, దానికి కింది నుంచి వచ్చి కలిసే వాలు గొట్టం అతుక్కున్నచోట వెల్డింగును ఆయన గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. డీజిల్‌లో ముంచిన కుంచెతో ఆ అతుకంతా తడిపాడు. కొంతసేపు ఆగి, తడి లేకుండా తుడిచి, సుద్దముక్కను అరచేతిలో నలిపి ఆ పొడిని అక్కడ అద్దాడు. కంటికి కనిపించని పగులు ఉంటే, అందులో దాక్కున్న నూనె మెల్లగా పైకొచ్చి తెల్లటి సుద్ద మీద నల్లగీత గీస్తుందట.

"ఇప్పుడేం చేద్దాం?" అని అడిగాను.

"ఛాయ్ తాగుదాం. దాన్ని జల్దీ చెప్పమంటే చెప్పదు."

ఆ నిరీక్షణ నాకు గొప్పగా అనిపించింది. మా డిబేట్లలో ప్రశ్న అడిగేది మనిషిని. జవాబిచ్చేవాడు తెలివైనవాడైతే లేని బలాన్ని ఉన్నట్టు చూపిస్తాడు. నాణెం ఎగరేసి పక్షం ఇచ్చినప్పుడు, నమ్మని పక్షాన నిలబడి నేనూ చాలాసార్లు నెగ్గాను. నెగ్గిన రాత్రుల్లో నాకు సరిగ్గా నిద్ర పట్టేది కాదు. చాచా ప్రశ్న అడిగింది ఫ్రేమును. దాన్ని ఒప్పించడానికి గానీ బుజ్జగించడానికి గానీ ఎవరికీ వీలులేదు. అరగంట ఎదురుచూశాం. సుద్ద తెల్లగానే ఉంది.

"పగులు లేదు. అల్హమ్దులిల్లా," అన్నాడు చాచా. తరువాత పెడళ్ల ఇరుసు కింద, బురద అంటుకున్నచోట గోటితో గీకాడు. చిన్న స్టిక్కరు బయటపడింది. "నాకు ఇంగ్లీషు రాదు. నాలుగు పేజీలు రాసిన బేటీ, ఇది జర చదువు."

నేను మోకాళ్ల మీద కూర్చుని చదివాను. ఈ సైకిలు రోడ్డుకూ, చదునైన మట్టిబాటకూ తయారు చేసినదని, ఎత్తుల మీద నుంచి దూకడానికి వాడరాదని తయారీదారే అక్కడ రాసి పెట్టాడు. ఎక్కడెక్కడో ఎవరెవరో రాసినవి చదివిన నేను, ఆ సైకిలు మీదనే ఉన్న సాక్ష్యాన్ని చదవలేదు. అది కింద ఉంది. నేను వంగి చూడలేదు.

"నీ కాయితంల ఇది ఉన్నదా?" అంది అక్క, నవ్వు ఆపుకుంటూ.

"లేదు."

"పోనీ తీ. నువ్వు వంగితే కాయితాలు కిందపడుతుండె."

నాకు ఇంకా ఒక ఆశ మిగిలింది. "అందుకే కదా చాచా మంచి ఫోర్కు వేయిస్తే సరిపోతుందని అంటున్నాను."

ఆయన గోడకు వేలాడుతున్న పాత ఫోర్కు ఒకటి తీసుకొచ్చాడు. ఎవరో వాడి వదిలినదే గానీ, ఖరీదైన కొత్త రకం. దాని కాడ పైన సన్నగా ఉండి కిందికి వచ్చేసరికి లావవుతుంది. మా సైకిలు ఫోర్కు ఊడదీసి, దాన్ని మెడలోకి దూర్చి చూపించాడు. సగంలో ఆగిపోయింది. "దీని మెడ పాత తీరు. పైన కింద ఒక్కటే సైజు. కొత్త ఫోర్కులు శానావరకు ఇందుల పట్టవు. పట్టేది వెతికి పొడుగుది ఏసినవనుకో, సైకిల్ మూతి పైకి లేస్తది. దిగినప్పుడు బరువంత మెడ మీద గుంజుతది. ఫోర్కు బాగనే ఉంటది, మెడ పోతది. పైసలు పెట్టి పగులు కొనుక్కున్నట్టు."

"మరి నీకు బేరం పోయింది కదా చాచా?" అని అడిగాను. నిజంగానే అడిగాను. తనకు లాభం వచ్చే మాటను మానుకున్న మనిషిని అంత దగ్గరగా చూడడం నాకు తరచుగా జరగలేదు.

"పోతే పోయింది. ఈ పోరి పడితే నా ఛాయ్ చేదైతది," అన్నాడు, మరో మాటకు తావివ్వకుండా.

ఆ తరువాత ఏమేం బాగుచేయవచ్చో చెప్పాడు. ఈ ఫ్రేముకు తీగ బదులు నూనె ఒత్తిడితో పట్టే బ్రేకులు ఎక్కుతాయి, వాటికి కావలసిన బోల్టుల చోటు తయారీలోనే ఉంది. టైర్లు ఇంకొంచెం వెడల్పువి పడతాయి, అవి మెట్ల అంచును బాగా పట్టుకుంటాయి. చక్రాల చువ్వలు వదులయ్యాయి, బిగించాలి. ఇరుసుల్లో బాల్సు మార్చి కొత్త గ్రీజు పెట్టాలి. అంతే. అంతకు మించి ఈ సైకిలుకు ఖర్చు పెట్టవద్దన్నాడు. "మెట్లు దిగుతది. రోజూ దిగుతది. దూకియ్యకు. పది సార్లు ఊకుంటది, పదకొండోసారి చెప్పకుండ పోతది."

రెండు రోజులు ఆ కొట్టులో కూర్చుని ఆయన చక్రాలు సరిచేయడం చూశాను. చక్రాన్ని తిప్పి, ఒక్కొక్క చువ్వను గోటితో మీటి, ఆ చప్పుడు విని బిగించేవాడు, వదిలేవాడు. అన్నీ ఒకే స్వరంలో మోగేదాకా ఆయన తల ఎత్తలేదు. అక్క పక్కన కూర్చుని అదే మీటడం నేర్చుకుంది. చివరికి వెనక చక్రం ఆమెకే అప్పగించి, "విని చెప్పు, ఏది తప్పు పాడుతుంది?" అన్నాడు. ఆమె రెండు పట్టుకుంది. మూడోది ఆయన చూపించాడు.

మిగిలిన రోజులన్నీ తెల్లారగానే ఫిల్మ్ నగర్ బస్తీకి వెళ్లేవాళ్లం. జూబ్లీహిల్స్ ఎత్తురోడ్డు మీద పెద్ద గోడల వెంట అక్క సైకిలు తొక్కుతూ ఉంటే, నేను వెనక ఆటోలో మంచినీళ్లు, దూది, పట్టీలు పట్టుకుని వచ్చేదాన్ని. మొదట ఐదు మెట్లు, ఆపైన పన్నెండు, చివరికి సందు మొత్తం. సీటు వెనక్కి ఒంటిని జరిపి, మోకాళ్లు వంచి, రెండు వేళ్లతోనే బ్రేకు పట్టుకుని దిగేది. వెనక షాకులు లేని సైకిలు కాబట్టి ప్రతి మెట్టూ సూటిగా ఆమె కాళ్లకే తగిలేది. ఆ పని మోకాళ్లు చేయవలసిందే. రెండుసార్లు పడింది. రెండుసార్లూ లేవగానే తన చేతుల కంటే ముందు సైకిలు మెడను తడిమి చూసుకుంది.

బిందెతో ఎదురొచ్చిన ఒక ముసలావిడ గోడకు ఒదిగి నిలబడి, "ఏమే పోరీ, సిన్మానా?" అంది.

"ఇంక కాలే అవ్వా."

"మరి పైసలియ్యకుండనే పడుతున్నవా? మంచిగ పైసలిచ్చినంక పడు."

సందంతా నవ్వింది. మర్నాటి నుంచి మేము వచ్చే వేళకు ఆ అవ్వే మెట్ల మీది బిందెలు తీయించేది.

మాస్టర్ చూసే రోజు వచ్చింది. ఆయన కోస్తావాడు, కుడికాలు కొద్దిగా ఈడుస్తూ నడిచేవాడు. వెంట ఒక అసిస్టెంటు, కొలతలు రాసుకునే కాస్ట్యూమ్ కుర్రాడు వచ్చారు. మాస్టర్ మెట్లన్నీ ఒకసారి దిగి, అడుగున ఉన్న రాతిగట్టు దగ్గర ఆగాడు. నడుమెత్తు ఉంటుంది. దాని కింద రోడ్డు.

"చూడమ్మా, మెట్లు దిగేసి, ఆపకుండా ఈ గట్టు మీంచి రోడ్డు మీదకి దూకేయాలి. అప్పుడే షాట్ పూర్తవుద్ది," అన్నాడు.

ఈ దూకే సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. అక్క గట్టు దాకా వెళ్లి కిందికి చూసి వచ్చింది.

"మెట్లు దిగుత సార్. దూకను."

అసిస్టెంటు చిరాకుగా నవ్వాడు. "మాస్టారూ, లిస్టులో ఇంకో ఇద్దరున్నారు. ఫోన్ చెయ్యమంటారా?"

నేను ఉండబట్టలేకపోయాను. "ఆమె ఎందుకు కాదంటోందో వినండి సార్. దీనికి మూడు కారణాలున్నాయి. మొదటిది..."

"చెల్లె, ఆగు," అంది అక్క. నా మీద కోపంతో కాదు. ఆ మాట తానే చెప్పాలని ఆమెకు తెలుసు. మూడేళ్లుగా ఆమె ఎదురుచూసిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఊ అంటే చాలు, పని దొరుకుతుంది. "సార్, నేను దూకుత. భయం లేదు. ఈ సైకిల్ దూకది. దీని మెడ ఊకోదు. దూకియ్యొద్దని దీని కిందనే రాసి ఉంది."

"ఎక్కడ?" అన్నాడు మాస్టర్.

ఆమె సైకిలును ఎత్తి తిప్పి చూపించింది. ఆయన కుడికాలు చాపుకుని కష్టంగా కిందికి వంగి, కళ్లజోడు పెట్టుకుని, ఆ స్టిక్కరును చివరిదాకా చదివాడు. మెడ అతుకు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. లేవడానికి అక్క చెయ్యి అందించింది. పట్టుకుని లేచాడు.

"నా దగ్గరకొచ్చినవాళ్లంతా దేనికైనా సరే అంటారమ్మా. సరే అన్నవాళ్లని ఆసుపత్రికి మోసింది మాత్రం నేను," అన్నాడు. తరువాత అసిస్టెంటుతో, "గట్టు షాట్ విడిగా తీద్దాం, కంపెనీ బండితో, మనోడెవడైనా చేస్తాడు," అని, మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "మరి మెట్లు?"

"వందసార్లు దిగుత సార్."

"వందొద్దు తల్లీ, నాకు మధ్యాహ్నం డబ్బింగుంది. మూడు చాలు."

దూకే షాటు మళ్లీ ఒక అబ్బాయికే పోయింది. ఆ సంగతి నాకు ముల్లులా గుచ్చుకుంది. అక్కకూ గుచ్చుకునే ఉంటుంది. అయినా సైకిలును భుజాన వేసుకుని పైకి నడిచింది.

మొదటిసారి దిగింది. రెండోసారి ఇంకా నిదానంగా, అందంగా దిగింది. మూడోసారి మాస్టర్ ఆమె ముఖం చూడలేదు. ముందు చక్రాన్నే చూస్తూ నిలబడ్డాడు. గట్టుకు రెండు అడుగుల ముందు, చువ్వ ఒక్కటి కూడా చప్పుడు చేయకుండా చక్రం ఆగింది. పైన గోడకు ఒదిగి నిలబడిన అవ్వ చప్పట్లు కొట్టింది. మాస్టర్ కాస్ట్యూమ్ కుర్రాడి వైపు చూసి, "ఈ అమ్మాయి కొలతలు తీసుకో," అన్నాడు.

కొలతలు తీసుకోమంటే పని ఇచ్చినట్టు. ఆ సంగతి నాకు ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. అక్కకు వెంటనే అర్థమైంది. ఆమె కళ్లు నిండాయి. అయినా సైకిలును గోడకు జాగ్రత్తగా ఆనించి, ఆ తర్వాతే చేతులు చాపి నిలబడింది. కుర్రాడు భుజాలు కొలిచాడు, నడుము కొలిచాడు, మోకాళ్ల మీద కూర్చుని కాలి పొడవు కొలవబోయాడు.

"అన్నా, ప్యాంటు అడుగున బిగువుగ కుట్టున్రి. చైన్‌ల పడ్తది," అంది అక్క.

"కుదరదక్కా. హీరోయిన్‌ది బెల్‌బాటమ్. షాటుకి షాటు కలవక కంటిన్యూటీ పోద్ది."

"కెమెరా ఏ దిక్కు పెడ్తరు?"

కుర్రాడు మాస్టర్ వైపు చూశాడు. "ఎడమ వైపమ్మా," అన్నాడు మాస్టర్.

"చైను కుడి దిక్కు ఉంటది సార్. కుడికాలు ఒక్కటి బిగియ్యున్రి, ఎవ్వరికి కనపడది," అంది. కుర్రాడు చెవి మీది పెన్సిలు తీసి రాసుకున్నాడు.